గళ్లు గీయకుండా

పోయిన శ్రావణమాసంలో పేరంటానికి ఒకరింటికి వెళ్లాను. హాల్లో సోఫా పైన గోడకి రెండు ఫ్రేములు పక్కపక్కనే ఉన్నాయి. రెండింట్లోనూ ఒకే పెద్దావిడ. ఒకటి పాతకాలం బ్లాక్ అండ్ వైట్ ఫోటో, రెండోది దాన్ని చూసి నేను వేసిన పెన్సిల్ బొమ్మ. గుమ్మంలో చెప్పులు విడుస్తూ చూస్తే ఏది నాదో నాకే తెలియలేదు. దండ ఉన్నది ఫోటోకే అయ్యుంటుందిలే అనుకుని దగ్గరికెళితే అది నా బొమ్మ. కింద మూలన నా సంతకం బంతిపూల వెనక దాక్కుని ఉంది.

"చూశావా అక్కా, అచ్చం ఫోటోనే! వచ్చినోళ్లంతా ఇదే మాట" అని ఆ ఇంటావిడ మురిసిపోయింది. కాళ్లకి పసుపు రాయించుకుని, నానబెట్టిన శనగల పొట్లం పట్టుకుని బయటికొచ్చాను. ఆటోలో కూర్చున్నాక అనిపించింది, ఫోటో ఉండగా మరి నా బొమ్మ దేనికని.

పదహారేళ్లుగా నా పని ఇదే. తిరుపతిలో మా ఇంటి వెనక గది నా స్టూడియో. స్టూడియో అంటే ఏం లేదు, కుట్టుమిషన్ పక్కన ఒక బల్ల, పైన ట్యూబ్‌లైటు. పోయిన తాతలు, షష్టిపూర్తి దంపతులు, పెళ్లిరోజు గిఫ్టులు. ఫోటోని జిరాక్స్ తీయించి దాని మీద అర అంగుళం గళ్లు గీస్తాను. డ్రాయింగ్ షీటు మీద హెచ్‌బీ పెన్సిల్‌తో, ఊదితే పోతాయేమో అన్నంత లేతగా, అంగుళం గళ్లు. ఇక ఒక్కో గడీ నింపుకుంటూ పోవడమే. ఇది ముక్కు, ఇది పెదవి అనుకోకూడదు. ఈ గడిలోకి గీత ఎటువైపు నుంచి వచ్చింది, ఎటు బయటికి పోయింది, అదొక్కటే చూడాలి. ఆ తర్వాత నల్లగా మెత్తగా గీసే 6బీ పెన్సిల్, నీడలు పులమడానికి బ్లెండింగ్ స్టంప్ అనే కాగితపు చుట్ట, ఇయర్‌బడ్. జుట్టులో మెరుపు తీయడానికి పిండిలా నలిగే పుట్టీ రబ్బరు.

గళ్లని నేను తిట్టను. సినిమా కటౌట్లు వేసిన మహానుభావులు ముప్పై, నలభై అడుగుల హీరోలని ఇలాగే పెంచారు. మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టిందీ ఈ గళ్లే. కానీ గడి నింపుతున్నంతసేపూ నేను మనిషిని చూడటం లేదు. గళ్లన్నీ చెరిపాక, ఓహో ఈవిడ నవ్వుతోందా అని అప్పుడు తెలుస్తుంది నాకు. జనం నన్ను చెయ్యి తిరిగిన ఆర్టిస్టు అంటారు. తిరిగింది నిజమే. అంగుళం గడిలోనే తిరిగింది.

అసలు నా చదువే అలాంటిది. డ్రాయింగ్ లోయరూ, హయ్యరూ పరీక్షలు రెండూ పాసయ్యాను. అందులో ఒక పేపరు పేరు ఫ్రీహ్యాండ్ అవుట్‌లైన్. కుడి సగం ఎడమ సగానికి వెంట్రుకవాసి తేడా లేకుండా రావాలని ప్రాక్టీసు చేసీ చేసీ చూపుడువేలి పక్కన కాయ కాసింది. ఫ్రీ అన్నది పేరులో మాత్రమే ఉండేది.

సరే, మార్చాలనుకున్నాను. ఎవరైనా మొదట చేసే పనే నేనూ చేశాను. వేగంగా వేయడం మొదలెట్టాను. దసరా సెలవుల్లో ఫోన్లో వీడియోలు చూశాను. పెద్ద బ్రష్షు, బోలెడు నీళ్లు, చెయ్యి ఊపుతూ ధడాధడా వేసేస్తారు, కిందికి రంగు కారుతుంటుంది, చూడ్డానికి ఎంత బాగుంటుందో. మంచి మందపాటి 300 జీఎస్‌ఎం కాగితం కొన్నాను. మా మిద్దె మీద కూర్చుంటే శేషాచలం కొండ ఎర్రటి రాతిగోడలతో సహా ఎదురుగా కనబడుతుంది. దాన్ని పదకొండుసార్లు వేశాను, ఒక్కోటి పది నిమిషాల్లో. రంగు చిలకరించాను, బ్రష్షుని వేలితో కొట్టి చుక్కలు పడేశాను. నాలుగైదు బాగానే ఉన్నాయనిపించి హాల్లో వరసగా పెట్టాను.

మా అమ్మాయి సెలవులకి ఇంట్లోనే ఉంది. ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చి, "అమ్మా, ఇవి కావాలని పాడుచేసినట్టున్నాయి" అంది.

కోపమొచ్చింది. మధ్యాహ్నం దానికి అప్పడాలు వేయించలేదు. రాత్రి అందరూ పడుకున్నాక మళ్లీ చూస్తే అది చెప్పింది అక్షరాలా నిజం. కొండ అంచు నేను ఎప్పట్లాగే జాగ్రత్తగా, ఎక్కడా తప్పిపోకుండా గీశాను. ఆ తర్వాత దాని మీద స్వేచ్ఛ చల్లాను, ఉప్మా మీద కొత్తిమీర చల్లినట్టు.

కార్తీకంలో మా వదినకి శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించాలని మొక్కు. తోడు వెళ్లాను. తిరుపతి నుంచి బస్సులో గంట. పూజ అయ్యాక ఆమెకి కలంకారీ చున్నీ కావాలంటే తెలిసినవాళ్లు ఒకాయన ఇంటికి తీసుకెళ్లారు. ఆయన నేల మీద కూర్చుని గుడ్డ మీద పని చేస్తున్నాడు. వదిన చున్నీలు చూసుకుంటుంటే నేను ఆయన పక్కన చతికిలపడ్డాను. నలభై కిలోమీటర్ల దూరంలో పుట్టి పెరిగి, ఈ పని దగ్గరగా ఎప్పుడూ చూడకపోవడం నా సిగ్గు.

గుడ్డ లేత పసుపు రంగులో ఉంది. కరక్కాయ నూరి పాలలో కలిపి, అందులో నానబెట్టి ఆరేస్తారు. పాల జిడ్డు లేకపోతే సిరా పాకిపోతుందట. పక్కన కాల్చిన చింతపుల్ల. దాంతో ఏనుగు తల ఎక్కడ, కాళ్లెక్కడ అని నాలుగు గుర్తులు మాత్రం పెట్టాడు. ఆ తర్వాత కలం అందుకున్నాడు. కలం అంటే చెక్కిన వెదురుపుల్ల. మొన కాస్త పైన గుడ్డా ఉన్నీ చుట్టి దారంతో బిగించి ఉంటుంది. ఆ ఉండ సిరా పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కితే మొనలోకి దిగుతుంది. సిరా కూడా కొన్నది కాదు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలని బెల్లం నీళ్లలో వేసి వారాల తరబడి ఊరబెట్టింది. వాసన ఘాటుగా ఉంటుంది.

ఏనుగు నుదుటి దగ్గర కలం ఆనించి తొండం కిందికి లాగాడు. గీత మొదట బూడిదరంగులో, ఉందా లేదా అన్నట్టు కనబడింది. చూస్తుండగానే నల్లబడింది. గుడ్డలోని కరక్కాయ వగరూ సిరాలోని ఇనుమూ కలిస్తే ఆ నలుపు పుడుతుంది. పుట్టాక పోదు. ఏ రబ్బరూ దాన్ని చెరపలేదు.

నేను కళ్లార్పకుండా చూసింది ఆయన వేగాన్ని కాదు. ఆయన అస్సలు వేగంగా గీయడం లేదు. ఆ ఒక్క తొండం గీత పూర్తయ్యేలోపు నేను మూడుసార్లు ఊపిరి తీసుకున్నాను. మధ్యలో సిరా అయిపోతే ఆపి, కలం ముంచి, ఉండని వేళ్లతో పిండి, వదిలిన చోటే మళ్లీ అందుకున్నాడు. అతుకు ఎక్కడుందో వెతికినా దొరకలేదు. తొండం చివర నేననుకున్న చోటికి రాలేదు, కొంచెం ఎక్కువ వంపు తిరిగి కాలికి దగ్గరగా వచ్చింది. ఆయన ఆగలేదు. కాలి గీతని చింతపుల్ల గుర్తు మీద కాకుండా అర అంగుళం పక్కకి జరిపి గీశాడు.

"తప్పొస్తే ఏం చేస్తారన్నా?" అన్నాను.

"వస్తే వస్తుంది. తర్వాత గీత దాన్ని బట్టి గీస్తా."

"ముందే ఏం అనుకోరా మరి?"

"ఏనుగనుకుంటా" అన్నాడు, తల ఎత్తకుండా.

వదిన చున్నీ కొంది, బేరమాడింది, నాకు ఏమీ వినబడలేదు. కాళహస్తి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చినప్పుడు పేపర్లో చదివి, మన పక్క ఊరే అని గొప్పగా చెప్పుకున్నదాన్ని నేను. పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు, కాళహస్తిలో చేత్తో గీస్తారు, రెండూ కలంకారీయే అని పదిమందికి పాఠం కూడా చెప్పాను. అచ్చు నా గళ్లకి దగ్గరి చుట్టమని, చెయ్యి వేరే సంగతని అప్పుడు తట్టలేదు.

బస్సులో వస్తూ నా పదకొండు కొండలని తలుచుకున్నాను. నేను తొందరపడ్డాను, ఆయన తొందరపడలేదు. నేను ముందే అంతా తేల్చేసుకుని పైన హడావుడి చేశాను. ఆయన ఏనుగు ఒక్కటే తేల్చుకుని మిగతాది గుడ్డ మీద తేల్చుకున్నాడు. ఇంగ్లీషువాళ్లు దీనికి పెద్ద పేర్లు పెడతారు. మనకి "తోచడం" అని చిన్నమాట ఉంది. తోచాలంటే ముందు ఖాళీ ఉండాలి కదా. నా గళ్లలో ఖాళీ ఎక్కడిది!

మర్నాడు రబ్బర్లన్నీ, పుట్టీ రబ్బరుతో సహా, పాత బిస్కెట్ డబ్బాలో వేసి బీరువా మీద పెట్టాను. ఆర్డర్లకి కిందికి దించుకోవచ్చు, నా సొంత పుస్తకానికి మాత్రం కుదరదు. మామూలు ఇంకు పెన్నూ, వంద పేజీల తెల్లకాగితాల పుస్తకమూ కొన్నాను.

మొదటి వారం ఘోరం. పెన్సిల్‌తో నేను ఒక్క గీత గీయాలంటే నిజానికి పది చిన్న గీతలు గీసి, అందులో ఒకటి ఉంచుకుని మిగతావి చెరిపేసేదాన్నని పెన్ను పట్టుకున్నాకే తెలిసింది. పెన్నుతో ఆ పదీ ఉండిపోతాయి. నేను గీసిన చెంబు అంచు గొంగళిపురుగులా ఉండేది. చెంబుకి వెంట్రుకలు మొలిచినట్టు.

అప్పుడు కాగితం చూడకుండా గీయడం మొదలెట్టాను. ఇది బొమ్మల స్కూళ్లలో పాత పద్ధతే, నేను కనిపెట్టింది కాదు. కళ్లు వస్తువు మీదే ఉండాలి. చీమ ఆ వస్తువు అంచు మీద నడుస్తోందనుకుని, అది నడిచినంత నెమ్మదిగా పెన్ను కదపాలి. కాగితం వైపు చూపు పోకూడదు. చదవడానికి తేలిగ్గా ఉంది, మొదటి రోజు నేను ఎనిమిది సెకన్లు కూడా ఆగలేకపోయాను. మెడ తనంతట తనే కిందికి వంగిపోయేది.

మా అత్తమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆవిడ చేతులు గీద్దామని ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ కుడి బొటనవేలు కీళ్లనొప్పికి బయటికి వంగిపోయి చాలా ఏళ్లయింది. నేను ఈ ఇంటికొచ్చి ఇరవై మూడేళ్లు, ఆ వేలితో ఈనె ఎలా లాగుతుందో ఎప్పుడూ చూడలేదు. గోరుతో కాదు. వంగిన కణుపుని కాయ కొనకి ఆనించి, చూపుడువేలు గోటితో తుంచి, అలా కిందికి లాగేస్తుంది. అది మూడు చిక్కుడుకాయలసేపు చూస్తూ గీశాను. పెన్ను ఎక్కడికి పోతోందో తెలియదు. ఆవిడ నరం దగ్గర నా పెన్ను కొంచెం గట్టిగా నొక్కుకుంది, అది నేను అనుకుని చేసింది కాదు.

తర్వాత కాగితం చూస్తే వేళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి. మణికట్టు పేజీ దాటి బల్ల మీదికి పోయింది. చిక్కుడుకాయ గాలిలో వేరే ఊళ్లో ఉంది.

"ఏంది మే ఇది, రొయ్యా?" అంది అత్తమ్మ. పుస్తకం దగ్గరికి లాక్కుని, దూరం పెట్టి, మళ్లీ దగ్గరికి తెచ్చుకుని చూసింది. "ఈ బొటనేలు మాత్రం నాదే."

పదహారేళ్లలో నా బొమ్మ చూసి ఎవరూ అలా అనలేదు. ఫోటోలా ఉందన్నారు, బాగుందన్నారు. నాదే అని ఎవరూ అనలేదు. ఆ పేజీ చించి ఫ్రేము కట్టించలేదు, పుస్తకంలోనే ఉంది, అంచున చిక్కుడు పసరు మరకతో.

ధనుర్మాసంలో నాలుగు రోజులు పుట్టింటికి పోయాను. చంద్రగిరి అవతల మా ఊరు. అమ్మకి డెబ్బై రెండు. ఇప్పటికీ నెల రోజులూ పొద్దున్నే వాకిట్లో పెద్ద ముగ్గు పడాల్సిందే. నేను మెట్ల మీద కాఫీ పెట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వరకు. చుక్కలు కూడా గళ్లే కదా అనుకుంటూ చూస్తున్నాను, నా గొడవ నాది. గీతలు కలుపుతూ వస్తుంటే ఒక మూల కలవలేదు. పదమూడు ఉండాల్సిన వరసలో పన్నెండే పడ్డాయి.

"అమ్మా, ఒకటి తగ్గింది, తుడిచెయ్" అన్నాను.

"తగ్గితే తగ్గిందిలే. ఆడ చిలక కూర్చుంటుంది" అని, ఆ కలవని రెండు గీతలనీ బయటికి లాగి, ఒకదాన్ని ముక్కు చేసి, ఇంకోదాన్ని తోక చేసింది. మిగతా మూడు మూలలకీ కూడా చిలకలు పెట్టింది. వీధిలో పోయేవాళ్లకి ఆ ముగ్గు మొదట్నించీ చిలకల ముగ్గే.

నాకు ఠాగూర్ గుర్తొచ్చాడు, అమ్మకి చెప్తే నవ్వుతుందని చెప్పలేదు. ఆయన చేతిరాత పద్యాల్లో కొట్టేసిన మాటలని అలా వదిలేయలేక, కొట్టివేతలని ఒకదానికొకటి కలుపుతూ గీతలు తిప్పేవాడు. అవి పక్షులయ్యేవి, పేరులేని జంతువులయ్యేవి. అలా అరవై దాటాక బొమ్మల్లోకి దిగి, 1930లో పారిస్‌లో తొలి ప్రదర్శన పెట్టాడు. పుస్తకాల్లో అచ్చువేసిన ఆ పేజీలు చూస్తే ఎక్కడ మాట కొట్టేశాడో, ఎక్కడ ముక్కు మొదలైందో విడదీయలేం. మా అమ్మ పిండి ముగ్గుని మధ్యాహ్నానికి చీమలూ పిచ్చుకలూ తినేస్తాయి, అంతే తేడా.

అమ్మ దగ్గర ఇంకోటి గమనించాను. ఆవిడ నిలబడి, నడుం దగ్గర వంగి గీస్తుంది. మణికట్టు కదలదు. గీత భుజంలోంచి వస్తుంది, మనిషి మొత్తం వెనక్కి అడుగులేస్తూ లాగుతుంది. నేను బల్ల మీదికి వంగి, అరచెయ్యి కాగితానికి ఆనించి గీస్తాను, వేళ్లు తప్ప ఏదీ కదలదు. తిరుపతి వచ్చాక పాత క్యాలెండర్ల వెనకవైపులు గోడకి అంటించి, నిలబడి బొగ్గుతో గీయడం మొదలెట్టాను. పొద్దున ఇరవై నిమిషాలు. బొగ్గు నేలంతా పడుతుంది, తుడవలేక చస్తున్నాను, అయినా గీత మాత్రం మారింది. వంకర వచ్చినా దమ్మున్న వంకరే వస్తోంది.

అన్నీ ఇలా కథల్లాగా కుదురుతాయనుకోకండి. మే నెలలో మళ్లీ వాటర్ కలర్ పట్టాను. తిరుపతి ఎండలో ఫ్యాను వేస్తే ఆకాశం సగం వేసేలోపు మిగతా సగం ఆరిపోతుంది. ఫ్యాను ఆపి, కాగితానికి రెండువైపులా తడి పట్టించి, అల్ట్రామెరీన్ నీలంలో బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు కలిపి కొండ నీడ పరిచాను. ఆ బూడిదరంగులో నీలం గింజలు గింజలుగా దిగుతుంటే చూడ్డం నాకిష్టం. అప్పుడే నా నుదుటి మీంచి చెమట చుక్క తడి ఆకాశంలో పడింది. అది మబ్బైపోయిందని ఇక్కడ రాయాలని చాలా ఉంది. అవలేదు. గజ్జిమచ్చ అయింది. చిలక ప్రతిసారీ కూర్చోదు.

ఆర్డర్లు మానలేదు, గళ్లూ మానలేదు. పోయిన నెల ఒక షష్టిపూర్తి జంట బొమ్మ వేశాను. మొహాలు గళ్లతోనే, ఎవరి అమ్మానాన్నలతోనో నేను ప్రయోగాలు చేయను. కానీ ఫోటోలో ఆవిడ పట్టుచీర కింద సగం మసకగా ఉంది. అక్కడ గళ్లు గీయలేదు. కుచ్చిళ్లు ఎలా పడతాయో నా ఒంటికి తెలుసు, ముప్పై ఏళ్లుగా కడుతున్నాను. షీటు గోడకి పెట్టి, నిలబడి, పైనుంచి కిందికి ఒక్కో మడతా ఒక్కో గీతగా లాగాను. తీసుకోవడానికొచ్చిన కొడుకు, "ఈ జరీ అంచు ఫోటోలో లేదు కదక్కా?" అన్నాడు. లేదన్నాను. కాసేపు చూసి, "ఉండనీలే" అని డబ్బులు ఇచ్చి తీసుకుపోయాడు.

ఇప్పుడు బుధవారం బుధవారం సాయంత్రాలు రైల్వేస్టేషన్‌కి పోతున్నాను. ప్లాట్‌ఫారం టిక్కెట్టు కొని ఒక బెంచీ చూసుకుంటాను. బొమ్మలేసేవాళ్లకి తిరుపతి స్టేషన్‌ని మించిన చోటు ఇంకోటి ఉండదనిపిస్తుంది. దర్శనం చేసుకుని అలిసిపోయిన కుటుంబాలు లడ్డూ సంచుల మీద చెయ్యి వేసుకుని నేల మీద నిద్రపోతుంటాయి. గంధం పూసిన గుండ్లు, తండ్రి గుండు పక్కన పిల్లాడి గుండు. నిద్రపోయేవాళ్లు కదలరు కాబట్టి మొదట్లో వాళ్లనే గీసేదాన్ని. ఇప్పుడు కూర్చున్నవాళ్లని, నీళ్ల సీసా పట్టుకుని పరిగెత్తేవాళ్లని కూడా. తల చుట్టూ గుండ్రం గీసి మొదలెట్టడం మానేశాను. కంటికి ముందు ఏది తగిలితే అక్కడే పెన్ను పెడతాను. ఒకాయనకి మోచేతిలో దిగబడిన బ్యాగు పట్టీ, ఒకామెకి చెదిరిన కొప్పు. మిగతా మనిషి అక్కణ్నుంచి పుడతాడు, కాగితం అయిపోతే పాదాలు లేకుండానే మిగులుతాడు.

పోయిన బుధవారం నా బెంచీకి ఎదురుగా ఆరేడేళ్ల పిల్లాడు, కొత్త గుండు, వాళ్ల నాన్న ఒడిలో తల పెట్టుకుని నన్నే చూస్తున్నాడు. వాడికి ముందు చెవులు గీశాను, కంటికి అవే తగిలాయి మరి. వాడు లేచి వచ్చి నా భుజం పక్కన నిలబడి పుస్తకంలోకి చూశాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వెనక్కి తిరిగి, "నాన్నా, నా చెవులు ఇంతంత ఉన్నాయా?" అని అరిచాడు.

తండ్రి వచ్చాడు. పుస్తకం చూశాడు, వాణ్ని చూశాడు, మళ్లీ పుస్తకం చూశాడు.

"నిన్నటిదాకా జుట్టుంది కదరా" అన్నాడు, "కనబళ్లేదు."